నీడలో ఆరబెట్టమని చెప్పలేదు

నోటి దాకా వచ్చి వెనక్కి పోయిన ఒక్క మాటని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. దొంగతనం చేసినవాళ్ల దగ్గర దొంగిలించిన వస్తువైనా ఉంటుంది. నా దగ్గర అదీ లేదు. చెప్పాల్సిన చోట చెప్పని మాట ఒకటి ఉంది, అంతే. అది ఇప్పటికీ గొంతులోనే ఉంది. అన్నం ముద్ద దిగేటప్పుడు కూడా అడ్డం పడుతుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పగలిగితే ఇంత కాలం ఎందుకు పట్టేది? నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. అక్షరాలు వంకరగా వస్తాయి. కానీ చూసింది ఏదీ మరిచిపోను. మా ఇంట్లో అందరూ అది నా గొప్ప అంటారు. అది నాకు శిక్ష అని వాళ్లకేం తెలుసు.

మాది టెక్కలి వైపు పల్లె. పెళ్లయ్యాక రాయ్‌పూర్ వచ్చాం. మా ఆయనకి ఉర్లాలో ఫ్యాక్టరీ పని. బీర్‌గావ్‌లో వరసగా గదులున్న ఇంట్లో ఒక గది తీసుకున్నాం. రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన మొదటి ఏళ్లవి. దగ్గర్లోని ఒక చిన్న బడిలో నేను ఆయాగా చేరాను. పిల్లల ముక్కులు తుడవడం, నీళ్లు పట్టడం, బెంచీలు దులపడం నా పని. అయితే శనివారం ఒక పీరియడ్ మాత్రం నాది. పాత శుభలేఖలతో పెట్టెలు, అగ్గిపుల్లలతో ఇళ్లు, ఊలుతో పువ్వులు, చిరిగిన చీర అంచులతో గుమ్మానికి తోరణాలు పిల్లల చేత చేయించేదాన్ని. ఎవరూ నేర్పమని చెప్పలేదు. ఒకసారి టీచరమ్మ రాకపోతే పిల్లల్ని కూర్చోబెట్టడానికి మొదలుపెట్టాను, అలా నిలిచిపోయింది. ఆ ఒక్క పీరియడ్‌లో నేను కుర్చీలో కూర్చునేదాన్ని. పిల్లలు క్రాఫ్ట్ ఆంటీ అని పిలిచేవారు. వారమంతా ఆయా, శనివారం ఆంటీ. మీకు నవ్వొస్తుందేమో. నాకది ప్రాణం.

పార్వతి మా పక్కగదిలోకి వచ్చింది. నాకంటే చిన్నది. తాతల కాలం నుంచీ రైల్వే కుటుంబం, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. ఇంట్లో మా వైపు తెలుగే మాట్లాడేది గానీ మధ్యమధ్య హిందీ దొర్లేది. పదో తరగతి పాసైంది. దాని మొగుడి చెయ్యి ఫ్యాక్టరీలో యంత్రం కింద నలిగిపోయింది. మనిషి ఇంట్లో కూర్చుండిపోయాడు. ఒక్కతే కూతురు, చిట్టి అని పిలిచేవాళ్లం. నేనే పెద్ద మేడం దగ్గరికి తీసుకెళ్లి పార్వతికి బడిలో పని అడిగాను. నేనే అడిగాను, గుర్తుంచుకోండి. ఆ మంచీ నాదే, తరవాతి చెడ్డా నాదే. మేడం దాన్ని చిన్న తరగతికి సాయంగా పెట్టుకున్నారు. అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలకి ఫీజు లేదు కాబట్టి చిట్టి కూడా అదే బడిలో చేరింది. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పా, అప్పా అంటూ పార్వతి నా చుట్టూ తిరిగేది. కూర చేస్తే గిన్నెలో పెట్టుకొచ్చేది. నాకు తోబుట్టువు లేని లోటు తీరింది అనుకున్నాను.

తరవాతి ఏడు మేడం ఒక మాట అన్నారు. క్రాఫ్ట్ ఇక అసలు పాఠంగా పెడుతున్నాం, నేర్పేవాళ్లు పదో తరగతైనా చదివి ఉండాలి, పార్వతి చూసుకుంటుంది, నువ్వు దానికి కాస్త చెప్పు, అన్నారు. నన్ను తిట్టలేదు. నవ్వుతూనే చెప్పారు. నేనూ నవ్వుతూనే తలూపాను. ఆ నవ్వు ఎలా నవ్వానో నాకిప్పటికీ అర్థం కాదు. శనివారం వచ్చింది. నా కుర్చీలో పార్వతి కూర్చుంది. నేను గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డాను. ఒక పిల్లవాడు నన్ను చూసి, ఆయా, కత్తెర తే, అన్నాడు.

వాడి తప్పేముంది? పార్వతి తప్పేముంది? ఆ పూట ఇంటికొచ్చి నన్ను నేను ఎంత అడిగానో. అడిగిన ప్రతిసారీ జవాబు తెలుసు. తెలిసినా కడుపులో మంట ఆరలేదు.

దీపావళి సెలవుల ముందు బడిలో తల్లుల్ని పిలిచేవారు. పిల్లలు తమ చేత్తో చేసింది అమ్మకి ఇవ్వాలి. ఈసారి వరి కుచ్చులు చేయిద్దామని మేడం అన్నారు. కోతల రోజుల్లో వరి కంకుల్ని జడలా అల్లి గుమ్మానికి కట్టడం మా వైపూ ఉంది, ఇక్కడి పల్లెల్లోనూ ఉంది. పిచ్చుకలు వచ్చి గింజలు తింటాయి. మా అమ్మ అల్లితే మా గుమ్మం ముందు పొద్దున్నే పిచ్చుకల గోల. అది బడిలో నాకు తప్ప ఎవరికీ రాదు. పార్వతి నా గదికి వచ్చి పీట వాల్చుకుని కూర్చుంది.

"నువ్వే దిక్కు అప్పా. రైలు పట్టాల పక్కన పుట్టినదాన్ని. వరంటే నాకు బస్తాలోదే తెలుసు."

"అన్నం తింటావు కదే, అదెక్కడిదో తెలీదా?"

"రేషన్ షాపుది," అని పకపకా నవ్వింది. "బస్, ఇదొక్కటి బాగా చేయించాననుకో, మేడం నన్ను ఉద్యోగంలో పక్కా చేసేస్తానన్నారు. చిట్టి ఈ బడిలోనే పెద్ద క్లాసు దాకా చదివేస్తాది. ఫికరే ఉండదు."

నేర్పాను. కాడలు పొడుగ్గా ఉండేలా కంకులు కోయించుకోవాలని చెప్పాను. ముందురోజు తడిపి తడి గోనెలో చుట్టి ఉంచితే కాడలు విరక్కుండా వంగుతాయని చెప్పాను. మూడు పాయలు తీసి, ప్రతి మెలికలో కొత్త కంకులు కలుపుతూ జడలా అల్లడం దాని వేళ్లు పట్టుకుని మరీ నేర్పాను. దాని వేళ్లు చురుకైనవి. నా కంటే బాగా వచ్చింది. అల్లిన కుచ్చుని ఎత్తి దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ ముఖం నేను చూడకుండా ఉండాల్సింది.

"అల్లాక ఏటి చెయ్యాలి?" అంది.

"మళ్లీ తడి గోనెలో చుట్టి పెట్టెలో పెట్టేయి. ఇచ్చే రోజు దాకా తియ్యకు. ఆరిందంటే గింజలన్నీ రాలిపోతాయి."

"ఇంతేనా అప్పా? ఇంకేటైనా ఉందా?"

"ఇంతే. ఇంకేటుంటాది?"

అదీ జరిగింది. నోరు జారిన మాట కాదు. మరపు కాదు. ఆరబెట్టమని చెప్పకపోవడమే కాదు, తడిగా ఉంచమని చెప్పాను. వరి పుట్టుక తెలిసినదాన్ని, తడి గింజ మూటలో ఉంటే ఏమవుతుందో తెలిసే చెప్పాను. ఎన్నోసార్లు మనసుకి సర్దిచెప్పుకున్నాను, చిన్నగా పాడవుతుంది, మేడం విసుక్కుంటారు, పీరియడ్ నాకు తిరిగి ఇస్తారు, అంతకంటే ఏమీ అవదు అనుకున్నానని. నిజంగా అలాగే అనుకున్నానా? లేక ఇప్పుడు అనుకుంటున్నానా? ఎంత జ్ఞాపకం ఉన్న మనిషినైనా ఆ ఒక్క చోట నాకు కనిపించదు.

పిల్లలంతా అల్లారు. కొన్ని వంకర, కొన్ని వదులు. పార్వతి ఒక్కొక్కదానికీ పిల్లల పేరు చీటీ కట్టి, తడి గోనెలో చుట్టి, క్రాఫ్ట్ గదిలోని రేకు పెట్టెలో పెట్టింది. ఆ గది ఊడ్చేది నేనే. రోజూ ఊడ్చాను. రోజూ పెట్టె పక్కన నిలబడ్డాను. చెప్పడానికి ఇంకా సమయం ఉంది. మూత తీసి ఎండలో పరిచినా సరిపోయేది. ఒకనాడు చెయ్యి వేస్తే రేకు లోపలి నుంచి వెచ్చగా తగిలింది. పుల్లటి వాసన వచ్చింది. నేను కిటికీ తెరిచాను. వాసన పోవాలని కిటికీ తెరిచాను, పెట్టె తెరవలేదు. ఆ చెయ్యి నాదే. ఇదిగో ఇప్పుడు కలం పట్టుకున్న చెయ్యి.

తల్లులు వచ్చారు. బెంచీలు నిండాయి. పార్వతి తన దగ్గరున్న ఒక్క మంచి చీర కట్టుకుంది, తలలో పువ్వులు పెట్టుకుంది. పిల్లలు వరసగా నిలబడ్డారు. పార్వతి పెట్టె మూత ఎత్తగానే ఆవిరి కొట్టింది. గోనె విప్పింది. గింజల్లోంచి తెల్లటి మొలకలు పొడుచుకొచ్చాయి. మొలక రానివి నల్లగా బూజుపట్టి జిగురుగా ఉన్నాయి. పేర్ల చీటీలు కూడా కుళ్లిపోయాయి. ముందున్న పిల్ల ముక్కు మూసుకుంది. ఇంకో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తరవాత అందరూ ఏడ్చారు. ఒక తల్లి, మా పిల్లల చేత ఇదా చేయించేది, అని లేచి నిలబడింది.

చిట్టి మాత్రం పెట్టెలో వెతికి, అల్లిక గుర్తుపట్టి తనది తీసుకుంది. గౌను అంచుతో ఆ నలుపు తుడిచింది. తీసుకెళ్లి పార్వతి చేతిలో పెట్టి, "నాది కొంచెమే పాడైందే అమ్మా," అంది.

ఇలా చుట్టిపెట్టమని నీకెవరు చెప్పారని మేడం అడిగారు. పార్వతి తలెత్తి ఒక్కసారి నన్ను చూసింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. అది నా వైపు నుంచి చూపు తిప్పేసి, ఎవరూ చెప్పలేదు మేడం, నాకే తెలీలేదు, అంది.

అప్పుడైనా నేను మాట్లాడాలి కదా. బకెట్టు తెచ్చి నేల కడిగాను.

పార్వతిని పక్కా చెయ్యలేదు సరికదా, ఉన్న పని కూడా పోయింది. దాంతో చిట్టి బడి పోయింది. పార్వతి అటుకుల మిల్లులో ఊడ్చే పనికి కుదిరింది, పిల్లని వెంట తీసుకెళ్లేది. పొద్దున నేను బడికి బయల్దేరేటప్పుడు చిట్టి గుమ్మంలో నిలబడి నా చేతిలో సంచీ కేసి చూసేది. అందులో రంగు కాగితాలు ఉండేవి. క్రాఫ్ట్ పీరియడ్ నాకే తిరిగి ఇచ్చారు. కుర్చీ కూడా. ఆ తరవాతి దీపావళికి నేను చేయించిన కుచ్చులు చూసి తల్లులు చప్పట్లు కొట్టారు. అప్పటికి పార్వతి వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. వెళ్లే రోజు కూడా గిన్నెలో కూర పెట్టి ఇచ్చింది. ఆ కూర నేను తినలేదు. పారేయనూ లేదు. పాడైపోయే దాకా అలా పెట్టి చూస్తూ కూర్చున్నాను.

దానికి తెలుసా? తెలిసి నన్ను కాపాడిందా? తెలియక నన్ను నమ్మిందా? ఏళ్ల తరబడి ఇదే. తెలిసి ఉంటే బాగుండునని కొన్నిసార్లు దేవుడికి మొక్కుకున్నాను. నన్ను అసహ్యించుకుంటూ ఒక మనిషి ఎక్కడో ఉందంటే, నా శిక్షలో కొంత వేరేవాళ్లు పట్టుకున్నట్టు ఉండేది.

జవాబు ఈమధ్యనే దొరికింది. మనవరాలికి గుడ్డ కొందామని పండరీ బట్టల బజారుకి వెళ్లాను. ఒక కొట్లో తానులు మడతపెడుతున్న అమ్మాయి నన్ను చూసి ఆగిపోయింది. క్రాఫ్ట్ ఆంటీవి కదా పెద్దమ్మా, నేను చిట్టిని, అంది. గుడ్డ తాను మీదున్న చీటీలో ఏం రాసుందని అడిగాను. పక్కమ్మాయిని పిలిచి చదివించింది. సిగ్గుపడుతూ, నేను మిల్లులోనే పెరిగాను పెద్దమ్మా, చదువు అబ్బలేదు, అంది. మీ అమ్మ ఎలా ఉందని అడిగాను. వాళ్లమ్మ ఈ ఊళ్లోనే మోవాలో ఉందట, బాగానే ఉందట. నా పేరు ఇప్పటికీ తలుస్తుందట. కుచ్చులు అల్లుతోందా అని ఎందుకడిగానో, అడిగాను.

"అమ్మ మళ్లీ ముట్టుకోలేదు పెద్దమ్మా. అప్ప అంత బాగా నేర్పింది, నా చెయ్యే మంచిది కాదు అంటాది. ఇంట్లో ఆవకాయ కూడా కలపదు. నేను ముట్టుకుంటే పాడవుతాది అని నా చేత కలిపిస్తాది."

ఉద్యోగం తీశానని, పిల్ల చదువు తీశానని ఇన్నాళ్లూ లెక్క వేసుకున్నాను. ఒక మనిషికి తన చేతుల మీద నమ్మకం తీసేశానని నాకు తెలియదు. ఆ చురుకైన వేళ్లు. దీపం వెలుగులో కుచ్చుని తిప్పి చూసుకున్న ఆ వేళ్లు.

ఈ కోతలకి ఒక కుచ్చు అల్లాను. సంచీలో పెట్టుకుని మోవా ఆటో ఎక్కాను. చిట్టి చెప్పిన సందు మొదట్లో దిగాను. లోపల ఎవరో పిల్లని కేకలేస్తున్నారు, అది పార్వతి గొంతే అనిపించింది. వెనక్కి తిరిగి వచ్చేశాను. కుచ్చుని మా గుమ్మానికి కట్టాను. పిచ్చుకలు వస్తున్నాయి. చూడలేక తలుపు వేసుకుంటున్నాను.

మళ్లీ వెళ్తానో లేదో మాట ఇవ్వలేను. నా మాటకి ఎంత విలువుందో మీరు చూశారుగా. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఆ మాటని ఒక్కసారైనా ఎవరికైనా చెప్పకుండా పోలేను. కాబట్టి మీకు చెబుతున్నాను, నేర్చుకోండి.

అల్లడం అయిపోగానే గోనె తీసెయ్యాలి. మళ్లీ తడి తగలనివ్వకూడదు. కుచ్చులు ఒకదానికొకటి ఆనకుండా, గాలి ఆడే నీడలో, కంకులు కిందికి వేలాడేలా కట్టి, కాడలు గలగలమనే దాకా ఆరబెట్టాలి.

ఇంతే పార్వతీ. ఇంకేం లేదు.