నిరోధకానికి నా వ్యాఖ్యానం

ఆ రోజుల్లో మాట అర్థం తెలిస్తే వస్తువు కూడా తెలిసిపోయినట్టేనని నాకు గట్టి నమ్మకం. తెలుగు ఎం.ఏ. చదివి, నాన్న ఉద్యోగం నాకొచ్చి గోదావరిఖనిలో బాయి దిగాను (మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు). దిగిన మూడో రోజు నుంచే పైన కూర్చునే పని కోసం మేనేజర్ సారు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. కిందికి పోవాలంటే భయం మరి. చివరికి ఆయన విసిగి, "రేపు షిఫ్టుకు ముందు కొత్తోళ్లకు నిరోధకం గురించి చెప్పు. మంచిగ చెప్తే పైన శిక్షణ క్లాసులల్ల వేస్త" అన్నారు.

నిఘంటువులన్నీ తిరగేసి మర్నాడు విజృంభించాను. "రుధ్ అంటే అడ్డగించడం. ముందు 'ని' చేరితే నిరోధం. అడ్డుకునే పదార్థం నిరోధకం! ఇంగ్లీషువాళ్ల ఇన్‌హిబిటర్ కూడా లాటిన్‌లో పట్టి ఆపడం అనే మాటలోంచే పుట్టింది!" అందరూ నోళ్లు తెరిచి విన్నారు (ఆవులింతలని తర్వాత తెలిసింది). ఆ ఊపులో పరిశుభ్రత మీదకి దూకాను. "నిన్న బాయిలో మా దారిలో గోడలకూ నేలకూ ఎవరో తెల్లటి పొడి పారబోసి పోయారు. నేనే చీపురు పెట్టి శుభ్రంగా ఊడ్చేశాను!"

వెనక నిలబడ్డ మా కాక (నాన్న తమ్ముడు, ఆ పొడి చల్లేది ఆయనే) నెత్తి పట్టుకున్నాడు. "ఓరి నీ పాడుగాను! గదేరా నిరోధకం! బొగ్గుదుమ్ము అంటుకొని మంట పాకకుంట ఆపే రాతిపొడి గదే!"

పక్కనే నిలబడి వింటున్న సారు ముఖం ఎర్రబడింది. "ఊడ్వమని ఎవరు చెప్పిండ్రు?" ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. కాక ముందుకొచ్చాడు. "నేనే సార్. నీళ్లు కారి గడ్డకట్టింది, కొత్తది జల్లుదామని తీయమన్న. ఎందుకో పోరనికి చెప్పలే."

సారు నమ్మారో లేదో గానీ, "జల్ది జల్లుండ్రి. అప్పటిదాక అటు ఎవ్వరు పోవద్దు" అన్నారు. ఆ షిఫ్టంతా బస్తాలు మోస్తూ కాక వెనకే పొడి చల్లాను. కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. పైకి వచ్చేటప్పుడు కాక, "గా దారిల నీతోటి పదిమంది పనిచేస్తరు బిడ్డ" అన్నాడు. రెండు దెబ్బలు వేసినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

నెల తర్వాత సారే పిలిచి, "చదువుకున్నోనివి, పైన క్లాసులకు పోతవా?" అన్నారు. "ఇంకొన్నాళ్లు కిందనే ఉంట సార్" అన్నాను. కాక మురిసిపోయి, మావాడికి పనంటే పానమని వాడకట్టంతా చెప్పుకున్నాడు. నిజానికి ఆ జనం ముందు మళ్లీ నోరు తెరిచే ధైర్యం లేక! ఇప్పటికీ కాక చుట్టాలొచ్చినప్పుడల్లా నేను పైన పని వద్దన్న ముచ్చట చెప్పి నా భుజం తడతాడు. నేనేమో తల వంచుకుని, వినయంగా, ఆ మెప్పంతా తీసుకుంటాను.