జపాను డైరీకి కుడివైపు కుట్టు

బర్మా అడవుల్లో ఆకలితో నడిచిన ఒక జపాను సైనికుడి డైరీని మన బెజవాడలో తప్పువైపు కుట్టారు. అడిగితే, అది తప్పే కాదన్నారు.

1996 నాటి సంగతి. పటమటలో నాది ఒక్క గది బైండింగు షాపు. కంకిపాడు నుంచి దానియేలు గారని రిటైరైన కాంపౌండరు ఆ డైరీ పట్టుకొచ్చారు. యుద్ధకాలంలో ఆయన నాన్నగారు బర్మాలో గాయపడ్డవాళ్ళను మోసే పనిలో ఉండేవారట. పట్టుబడిన ఆ జపాను మనిషి జ్వరంతో పోతూ, తనవాళ్ళకు చేర్చమన్నట్టు సైగ చేసి డైరీ చేతిలో పెట్టాడట. ఆయన చేర్చలేకపోయారు, కొడుక్కి అప్పగించి పోయారు. నా దగ్గరికి రాకముందే దానియేలు గారు విడిపోయిన ఆ కాగితాలను బెజవాడలోనే ఒక పెద్ద షాపులో కుట్టించి, జపానులో పనిచేసి వచ్చిన ఒక కాన్వెంటు సిస్టరు గారికి చూపించారు. ఆవిడ తెరుస్తూనే, "అయ్యో, మొదటి పుటలోనే ప్రాణం పోయేట్టున్నాడే!" అన్నారట.

జపాను పుస్తకానికి స్పైను, అంటే కుట్టు ఉండే వీపు, కుడివైపు ఉంటుంది. వీళ్ళు మన అలవాటుకొద్దీ ఎడమవైపు కుట్టేశారు. జపానువాళ్ళు తెరిచే పద్ధతిలో తెరిస్తే చివరి రోజే ముందొస్తుంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ షాపుకే వెళ్ళి అడిగాను.

"పుస్తకమన్నాక ఎడంపక్కే కుడతాం తాతా. ఉర్దూ అని ముందే చెప్పొద్దూ?" అన్నాడు ఓనరు.

"ఉర్దూ కాదయ్యా, జపాను!"

"అయితే జపానుకే పంపించి కుట్టించుకోండి."

నాకు చదువు బడిలో రాలేదు, బైండింగుకొచ్చిన పుస్తకాల్లో వచ్చింది. ఒక మనిషి ఆఖరి మాటలను తిరగేసి, పైగా వెటకారమా?

దానియేలు గారి భయం వేరు. "కుడివైపు మార్జినే లేదండీ. సూది అక్షరాల్లో దిగితే ఆయనవాళ్ళకి ఏం చేర్చినట్టండీ? నాన్నకి నేనేం చెప్పను?"

"సూది అక్షరం జోలికి పోదు. మీరు ముందు ఆ టీ తాగండి" అన్నాను.

పాత కుట్టు విప్పి, ప్రతి కాగితానికీ కుడి అంచున గార్డు, అంటే పలచని కాగితపు పట్టీ, అతికించాను. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపాను. కుట్టంతా ఆ పట్టీలోనే పడింది. నేను పని చేస్తుంటే సిస్టరు గారు పక్కన కూర్చుని చదివి చెప్పేవారు. జలగలు, ఆగని వాన, గడ్డి ఉడకబెట్టుకు తినడం, ఊడిన బూటు అడుగుల్ని అడవి తీగలతో కట్టుకోవడం. మొదటి పుటలో మాత్రం, పసిపిల్లను చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డ భార్య.

"ఆ పిల్ల ఉంటే ఇప్పుడు నా ఈడుదేనండీ" అన్నారు దానియేలు గారు.

ఆ పుటలోనే ఊరి పేరుంది. సిస్టరు గారు ఆరా తీయించి ఆ కూతురి అడ్రసు పట్టారు. ఎడమ అంచున పడ్డ పాత సూది రంధ్రాలను మాత్రం నేను మాన్పలేకపోయాను. అందుకని సిస్టరు గారి చేత ఒక చీటీ రాయించి డైరీతో పెట్టి పంపాను: "ఎడమవైపు కుట్టిన ఈ రంధ్రాలు మా ఊరి తప్పు. అలా కుట్టినవాణ్ణి తిట్టవలసినంతా తిట్టాను, ఇంకా తిడతాను."

ఏడాది దాటాక దానియేలు గారు ఆ కూతురి జవాబు చేత్తో పట్టుకుని, వీధిలోనుంచే నవ్వుకుంటూ వచ్చారు. సిస్టరు గారు తెలుగు చేసిచ్చింది ఇదీ:

"మీరు కుట్టిన వరసలో చదివాను. నాన్న అడవిలోనే ఉండిపోయారు. తర్వాత ఆ రంధ్రాలు కనబడి, ఆ పాత కుట్టు వరసలో చివరి పుట నుంచి వెనక్కి చదివాను. ఆకలి తగ్గుతూ వచ్చింది, వాన వెలిసింది, బూట్లు బాగయ్యాయి, నాన్న మా గుమ్మం దాకా వచ్చారు. అమ్మ చంకలో నేనున్నాను. అలా కుట్టినాయన్ని ఇక తిట్టకండి."