కొల్లేటి కాలవలో ఎరుపు

ఇరవై రెండేళ్ళుగా ఏలూరులో పదో తరగతి పిల్లలకు కాంతి పాఠం చెబుతున్నాను. ఇన్నేళ్ళలో తరగతిలో నేను అనని మాట ఒక్కటే ఉంది. "నేను చెప్పింది తప్పు" అన్న మాట. అనాల్సిన అవసరం రాలేదనుకునేవాణ్ణి. అవసరం రాక కాదు, నోరు రాక అంటుంది మా ఆవిడ.

ఆ మాట నా చేత అనిపించింది వేలెడంత ప్లాస్టిక్ చేప.

మా స్కూల్లో బయాలజీ మాస్టారు ఒకాయన ఉన్నారు. కొల్లేరు పక్క పల్లెటూరు, సొంత వరిపొలం, ఆదివారం వస్తే చేతిలో గాలం. ఒకరోజు స్టాఫ్ రూములో ఒక డబ్బా తెరిచి చూపించారు. లోపల రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, ఒక్కొక్కదాని పొట్ట కింద రెండేసి కొక్కేలు. వానపాముల రోజులు పోయాయట. ఇప్పుడంతా వీటినే నీళ్ళలోకి విసిరి లాగుతున్నారట. అసలు చేప దీన్ని బతికున్న చేపపిల్ల అనుకుని నోట కరుచుకుంటుందట. అందులోంచి ఎర్రతల ఉన్నదాన్ని తీసి, కొర్రమేనుకి ఇదంటే ప్రాణం అన్నారు.

మాది అర్చకుల ఇల్లు. చేప నా కంచంలోకి ఎన్నడూ రాలేదు, నేను దాని జోలికి ఎన్నడూ పోలేదు. నోరు మూసుకుని నా పెరుగన్నం నేను తిని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయన ఎరుపు అన్నారు. రంగు మాట ఎత్తితే అది నా సబ్జెక్టు. నీళ్ళలో అన్నిటికన్నా ముందు ఆరిపోయేది ఎరుపేననీ, అన్నిటికన్నా లోతుకి వెళ్ళేది నీలమనీ, ఆయన ఎర్రతల పాపం ఆ కొర్రమేనుకి నల్లగా కనబడుతుందనీ, పట్టాలంటే నీలం వెయ్యాలనీ చెప్పాను. ఊరికే చెప్పలేదు. సుద్దముక్క తీసుకుని నోటీసు బోర్డు మీద బొమ్మ కూడా వేశాను.

ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. "ఈ సంగతి కొర్రమేనుకి ఎవరూ చెప్పినట్టు లేదండీ మాస్టారూ," అన్నారు.

స్టాఫ్ రూమంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అక్కడికక్కడే పందెం వేశాను. వచ్చే ఆదివారం ఆయన ఎరుపు, నేను నీలం. ఓడినవాళ్ళు పదో తరగతిలో పిల్లల ఎదుట నిలబడి, తాము చెప్పింది తప్పని ఒప్పుకోవాలి. ఈ షరతు పెట్టింది నేనే. నాకు చేప పడితే ముట్టుకోనని, ఆయనే కొక్కెం తీసి నీళ్ళలో వదిలెయ్యాలని కూడా ముందే మాట తీసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వాళ్ళ పొలం పక్కన, కొల్లేట్లో కలిసే డ్రైను కాలవ గట్టు మీద నిలబడ్డాం. నేను మొదటిసారి విసిరిన గాలం నా కండువానే పట్టుకుంది. రెండోసారి వెనకున్న తుమ్మచెట్టుని పట్టుకుంది. మూడోసారి నీళ్ళలో పడింది. నేను ఆ ఆనందంలో ఉండగానే ఆయన ఎర్రతలకి మోచేతి పొడుగు కొర్రమేను తగిలి, గట్టు మీద తపతపా కొట్టుకుంటోంది. ఎండెక్కేసరికి ఆయనకి మూడు చేపలు. నాకు బుట్టెడు గుర్రపుడెక్క.

అదృష్టమన్నాను. నేను నిలబడ్డ చోటు మంచిది కాదన్నాను. ఒక్కరోజు చూసి తేల్చడం శాస్త్రం కాదన్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి. ఆయన ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. "మీ ఇష్టమండీ," అన్నారు. దాంతో ఇంకా మండింది.

ఇంటికొచ్చి మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను, నా తప్పేమీ లేనట్టుగా. ఆవిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం. చీరకి జాకెట్టు ముక్క కావాలంటే ఇప్పటికీ గూడెంలో మ్యాచింగ్ షాపుకే వెళ్ళాలి. అక్కడ కూడా షాపులో ట్యూబులైటు కింద చూపించిన రంగుని ఛస్తే నమ్మదు. ముక్కనీ చీరనీ పట్టుకుని వీధిలోకి వచ్చి, ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తుంది. నేను నెత్తి మీద సంచీ పెట్టుకుని పక్కన నిలబడతాను. ఇలా చిలకపచ్చలు ఎన్ని పనికిరాకుండా పోయాయో లెక్కలేదు.

నా గోడంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది. "మీరు ఆ నీలాన్ని ఆ నీళ్ళలో పెట్టి చూశారా అండీ?"

చూడక్కర్లేదు, పుస్తకంలో ఉందన్నాను.

"అయితే షాపులో చూసి కొనుక్కొచ్చేసినట్టే."

మరుసటి ఆదివారం ఇద్దరం మళ్ళీ అదే డ్రైను గట్టుకి వెళ్ళాం. సరంజామా అంతా ఆవిడదే. మడిబట్టలు దండెం మీదకి ఎక్కించే పొడుగాటి కర్ర, దానికి జానెడేసి దూరంలో కట్టిన నీలం, పసుపు, ఎరుపు జాకెట్టు ముక్కలు, మరమరాలు పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా. డబ్బా అడుగు అద్దంలా ఉంటుంది. దాన్ని నీళ్ళలోకి నొక్కిపెట్టి, అందులో మొహం పెట్టి చూడాలి. చూడాల్సింది నేను.

గట్టు మీద బోర్లా పడుకుని, డబ్బాలో తల దూర్చి, నీళ్ళలోకి చూస్తున్నాను. ఆవిడ కర్ర దింపుతోంది. అంతలో పాలక్యాన్లతో మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి, "ఏవండీ, ఫోను పడిపోయిందాండీ?" అని అడిగాడు. కాదండీ, రంగు చూస్తున్నామని మా ఆవిడ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, ఎన్నాళ్ళ నుంచండీ ఇలాగ, అని ఆవిణ్ణి జాలిగా అడిగాడు. డబ్బాలో ఉన్నా నాకు అంతా వినబడింది.

కానీ ఆయన్ని కోప్పడే ఓపిక అప్పుడు నాలో లేదు. ఎందుకంటే నా నీలం పోయింది. మోకాలి లోతు దాటేసరికి అట్లపెనంలా నల్లబడింది. పసుపు మెరుస్తూనే ఉంది. ఎరుపు కాస్త మాగిందే గానీ, ఎరుపు ఎరుపుగానే ఉంది. కర్ర పైకి తీయించి, ముక్కల వరస తిరగేసి కట్టించి, మళ్ళీ దింపించాను. నీలం మళ్ళీ నల్లబడింది.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. నీలం లోతుకి వెళుతుందన్న వాక్యానికి ముందు "స్వచ్ఛమైన నీటిలో" అని స్పష్టంగా ఉంది. ఆ రెండు మాటలూ నేను ఇరవై రెండేళ్ళుగా చదవకుండా దాటిపోతున్నాను. అది తేట సముద్రం సంగతి. మా డ్రైనులో బురద, పాచి, కుళ్ళిన వరిదుబ్బులు. ఆ నీళ్ళు ముందు నీలాన్నే మింగేస్తాయి. మరమరాల డబ్బా మాత్రం మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు. చేపల నీళ్ళు తగిలాయని ఆవిడ దాన్ని పెరట్లో పెట్టేసి, నా కళ్ళజోడుని కూడా పసుపునీళ్ళతో కడిగింది.

సోమవారం బయాలజీ మాస్టారికి నిజం చెప్పేశాను. ఆయన మహా ఇబ్బంది పడిపోయారు. "ఏదో సరదాకి అనుకున్నాం, వదిలెయ్యండి మాస్టారూ, పిల్లల ముందు బాగుండదు," అన్నారు. వదిలెయ్యాలని నాకూ గట్టిగానే ఉంది. మెట్లెక్కుతూ రెండుసార్లు వెనక్కి తిరిగాను కూడా. కానీ గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి పిల్లలంతా లేచి నిలబడిపోయారు. ఇక పారిపోవడానికి లేదు.

బోర్డు వైపు తిరిగి, మళ్ళీ పిల్లల వైపు తిరిగి, కాంతి పాఠంలో నీళ్ళ గురించి నేను చెప్పింది తప్పనీ, మన కొల్లేటి నీళ్ళలో ముందు పోయేది నీలమనీ, ఎరుపు నిలబడుతుందనీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అందరూ బుద్ధిగా నోట్సులో పాతది కొట్టేసి కొత్తది రాసుకున్నారు. సగం మంది కొల్లేటి పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలే. అందులో మూడో బెంచీలో ఒకమ్మాయి మాత్రం పెన్ను ముట్టుకోలేదు. రాసుకోవేమ్మా అని అడిగాను.

లేచి నిలబడింది. "మాకు తెలుసండీ. బట్టలుతికేటప్పుడు కాలవలో ఎర్రగాజు జారితే కనబడుద్దండీ. నీలంగాజు జారితే ఇంక వెతకమండీ."

"తెలిస్తే మరి యూనిట్ టెస్టులో లోతుకి వెళ్ళేది నీలం అని ఎందుకు రాశావమ్మా?"

ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది.

"దిద్దేది మీరు కదండీ."