గ్లాసు కింద పాచిక

తమ్ముడూ, బాగున్నావా? మరదలు, బిడ్డ బాగున్నారా? నీ మెసేజ్‌కి ఇంత ఆలస్యంగా జవాబిస్తున్నా, ఏమనుకోకు. పెదనాయన పోయాడని ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను కదా. ఆ తర్వాత కర్మలు, బంధువులు, మధ్యలో దుకాణం. ఇవాళ రంగుల లోడు ఇంకా రాలేదు, అందుకే కూర్చున్నా. ఇది మన ఆదివారం ఆట గ్రూపులో కూడా పెడుతున్నా. కొత్తవాళ్ళు ఆయన్ని సరిగ్గా ఎరగరు, కాబట్టి నీకు తెలిసినవీ వస్తాయి.

ఆ రోజు పొద్దున్నే, రాతి పలకలు కోసే తన షెడ్డుకు వెళ్ళి, టీ తెమ్మని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలాడట. టీ వచ్చేసరికి మనిషి లేడు. గుండె అన్నారు.

పెదనాయన అల్లుడు బెంగుళూరు నుంచి తెచ్చిన డబ్బాతో, ఆయన మేడ గదిలో మొదలైంది మన ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి. తెగించిన పని ఏది చేసినా ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకోవాలి. డబ్బాలోని కోటల్నీ మంచు కొండల్నీ పెదనాయన పక్కన పెట్టి నల్లమల ఘాట్ తెచ్చి పెట్టాడు. మన పాత్రల్ని కాగితం మీద కాదు, తన షెడ్డులో కోసిన పలకల మీద రాయించాడు. అసలు ఆటలో పాత్ర చస్తే బంగారం కట్టి బతికించుకోవచ్చు. ఆయన బల్ల దగ్గర అది చెల్లదు.

నా విలుకాడు చిరుతకు దొరికిపోయిన రోజు గుర్తుందా? ఇంకొక్కసారి పాచిక వేస్తానని, కావాలంటే నా బాణాలన్నీ తీసేసుకోమని బతిమాలాను. ఆయన తడిగుడ్డ నా చేతిలో పెట్టాడు.

"నువ్వు రంగులమ్మేటోడివి, బేరమాడతావని నాకు ముందే తెలుసు అబ్బీ. చావు కాడ బేరం లేదు. తుడువు."

నా పలక నేనే తుడుచుకున్నాను. ఆ సంగతి చెబితే ఇంట్లో నవ్వారు. పెదనాయన మాత్రం నవ్వలేదు, నా టీలో ఇంకో చెంచా చక్కెర వేయించాడు. కొత్త మనిషితో అడుగు నుంచి మొదలుపెట్టాలి, అది నా శిక్ష. దానికంటే పెద్దది మీకు పడింది. చచ్చినవాడి మూట బతికినవాళ్ళు మోయాలి, అందులో ఎంత పనికిరానిది ఉన్నా వదిలేసి పోకూడదు. నా విలుకాడి సానరాయి నీ మేకల కాపరి మెడకు చుట్టుకుంది.

"బతికినన్నాళ్ళు నా మేకల పాలు తాగినాడు, సచ్చినాక గూడా నన్నే మోయమంటాడా?" అని నువ్వు గొణిగావు.

"పోయినోడికేం శిక్ష అబ్బీ, శిక్షంతా ఉండేటోళ్ళకే," అన్నాడు పెదనాయన.

ఇక ఆ ఆఖరి ఆదివారం. ఆటలో మేమంతా లోయ దాటేదాకా నీ కాపరి ఒక్కడే ఇవతల తాడు పట్టుకున్నాడు. చివరివాడి కాలు అవతలి రాతి మీద పడగానే తాడు తెగింది, కాపరి జారాడు. పది దాటితే కొమ్మ దొరుకుతుంది, లేకుంటే లేదు. నువ్వు పాచిక విసిరావు. అది బల్ల అంచుదాకా దొర్లి ఆగిందో లేదో, పెదనాయన దాని మీద స్టీలు గ్లాసు బోర్లించాడు. అదీ ఆయన పద్ధతే. చావు పాచికను మొదట చూడాల్సింది ఆ పాత్ర మనిషే, గ్లాసు ఎత్తాల్సిందీ అతనే.

నువ్వు చేయి చాపావు. అప్పుడే బేస్తవారిపేట నుంచి ఫోను, మరదలికి నొప్పులని. నువ్వు చెప్పుల కోసం వెతుక్కుంటూ, మీరే చూసి ఫోన్లో చెప్పండి అన్నావు.

"నువ్వు లేకుండా నీ మనిషి చావుబతుకులు మేం చూసేదేంది? పో, బిడ్డను చూసుకోని రా. గ్లాసు యాడికీ పోదు," అన్నాడు.

గ్లాసు ఎక్కడికీ పోలేదు. ఆయనే పోయాడు.

పెద్దకర్మ రోజు భోజనాలప్పుడు గ్లాసులు చాలలేదు. పామూరు నుంచి వచ్చిన బంధువు ఒకాయన మేడ మీద బల్ల పైన ఒకటి ఉందే అని ఎక్కి పోయాడు. నేను వడ్డించే గరిటెతోనే మెట్లెక్కి గ్లాసు మీద అరచేయి పెట్టి నిలబడ్డాను. సాంబారు ఆయన పంచె మీద కారింది. పిచ్చోడా అన్నట్టు చూశాడు. వెనకాలే పెద్దమ్మ వచ్చింది.

"దాన్ని ముట్టుకోబాకండి. ఆయన పెట్టి పోయినాడు," అని మాత్రం అంది.

ఆమె ముందు నేను కళ్ళనీళ్ళు పెట్టుకోవడం అదొక్కసారే.

ఇప్పుడు ఇబ్బంది ఏందంటే, పెద్దమ్మ ఒక్కతే ఉండలేక తర్లుపాడులో కూతురి దగ్గరికి పోతోంది. మేడ గది అద్దెకిచ్చేసింది, ఒకటో తారీకుకు అద్దెవాళ్ళు దిగుతారు. ఆ బల్ల మెట్ల మీదుగా దింపాలంటే పక్కకు వాల్చాల్సిందే, వాలిస్తే పాచిక తిరిగిపోతుంది. నువ్వు రాకుండా దింపనివ్వనని చెప్పాను. ఎన్నాళ్ళు ఆపగలనో తెలియదు.

కథ నడిపేది ఎవరని గ్రూపులో అడుగుతున్నారు. ఆయన మూట కథే కదా, ఉన్నవాళ్ళమే మోయాలి. నాకు ఆయనంత రాదు. అయినా నేనే మొదలుపెడతాను, తడబడితే నువ్వు అందుకో. కాపరి బతికి ఉంటే లోయలోంచి మొదలు. లేకుంటే తడిగుడ్డ సిద్ధం చేసి పెట్టాను, నీ పలక నువ్వే తుడుచుకుందువు, సానరాయి ఈసారి నేను మోస్తాను.

పొద్దున దుకాణానికి వస్తూ ఆ మేడ మీదికెళ్ళి చూసొచ్చాను. గ్లాసు మీద సన్నగా పలకల దుమ్ము పడింది. తుడుద్దామని గుడ్డ తీసి, కదులుతుందేమోనని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఎప్పుడొస్తావు తమ్ముడూ?