పళ్ళెంలో నాలుగో వైపు

దయ్యాల మీద మా మాదన్నపేటలో నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు. డిగ్రీతో చదువు ఆగిపోయి, పత్తర్‌గట్టి వెనక గల్లీలో మా మేనమామ లేసుల దుకాణంలో కూర్చున్నప్పటి నుంచి నా సెలవులన్నీ లైబ్రరీలోనే గడిచాయి. ఏ మాస్టారూ చెప్పకుండా, ఏ పరీక్షా లేకుండా, శరీరశాస్త్రం, నక్షత్రాలు, సముద్ర జీవులు, చేతికందిన పుస్తకమల్లా చదివాను. పాత ఇంట్లో అడుగుల చప్పుడు వినిపించిందని ఎవరైనా అంటే, పగటి ఎండకు సాగిన దూలాలు చల్లబడితే ఎలా చిటపటమంటాయో విడమరిచి చెప్పేవాణ్ణి. అందుకే నా దోస్తులు నన్ను పేరుతో పిలవరు. "లైబ్రరీ" అంటారు.

ఇప్పుడు రాయబోయేది భయపడిన సంగతి కాదు. నాకు భయం తక్కువే వేసింది. వేసింది అసహ్యం. ఇది రాస్తుంటే కూడా నోట్లో నీళ్ళూరుతున్నాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు.

మేం ముగ్గురం. నేను, సలీం, ప్రవీణ్. కాలేజీలో ఒకే బెంచీ. సలీంది బార్కస్, ఏసీలు బాగుచేస్తాడు. ప్రవీణ్‌ది సైదాబాద్, వాళ్ళ నాన్న కరెంటు లైన్‌మన్, వాడు కొరియర్ గోదాములో పని చేస్తాడు. కాలేజీ రోజుల నుంచి బార్కస్‌లో మండి, అదే అరబ్బుల మాంసం అన్నం, తినడం మాకు అలవాటు. ఒకటే పెద్ద పళ్ళెం, చుట్టూ మేం, మధ్యలో మాంసం. ఎవడి వైపు నుంచి వాడు తినాలి. తింటున్న కొద్దీ ఎవడి ముందు వాడికి అన్నంలో ఒక గుంట పడుతుంది. చివరికి మధ్యలో చిన్న గుట్ట, చుట్టూ మూడు గుంటలు మిగులుతాయి. చూడకుండా చెప్పగలను, లోతైన గుంట ప్రవీణ్‌ది.

మా ఇంట్లో మాంసం వండరు. నేను బయట తింటానని అమ్మకు తెలుసు. ఆమె బాధ మాంసం గురించి కాదు, ఎంగిలి గురించి. "ఒక్క కంచంల మూడు చేతులా? థూ, కుక్కలు నయం" అనేది. నేను నవ్వేసేవాణ్ణి.

కాలేజీ అయ్యాక కలిసి ఎక్కడికీ పోలేదని, వానలు తగ్గాక అండమాన్ బయల్దేరాం. విమానం మా వల్ల కాదు. చెన్నైలో ఓడెక్కి, అన్నిటికంటే కింది అంతస్తులో బంకు పడకల మీద పడుకున్నాం. డీజిల్ కంపు, పులిసిన సాంబారు కంపు, పక్క బంకుల్లో వాంతులు. సలీం తన బ్యాగుకు వెనక వాళ్ళింటి పెద్ద అల్యూమినియం పళ్ళెం కట్టుకొచ్చాడు. వాళ్ళు దాన్ని థాల్ అంటారు.

"ఏందిరా ఇది, తాబేలు లెక్క?" అన్నాడు ప్రవీణ్.

"నవ్వు బేటా, నవ్వు. ఆడ కాగితం ప్లేటు మీద తిన్ననాడు తెలుస్తది."

మేం దిగింది ఒక చిన్న దీవి. పేరు రాయను. అక్కడ గదులు కిరాయికిచ్చి బతికేవాళ్ళ పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. ఒక బెంగాలీ ఆవిడ వెదురు గుడిసె ఇచ్చింది. అందరూ ఆమెను మాషీ అంటారు, మేమూ అన్నాం. పరుపులు చెమ్మగా ఉన్నాయి, దిండు మీద బూజు నల్లగా పట్టి ఉంది. మంచినీళ్ళు ఒక్క డ్రమ్మే, జాగ్రత్తగా వాడమంది. అప్పుడు సలీం థాల్ అందరికీ ముద్దొచ్చింది. ఒక్క పళ్ళెమైతే కడిగేది ఒక్కటే కదా.

మొదటి మధ్యాహ్నం ప్రవీణ్ చేపల పులుసు చేశాడు. గుడిసె అరుగు మీద కూర్చున్నాం. సలీం నాకు ఎదురుగా, ప్రవీణ్ ఎడమ పక్కన. నా కుడి పక్క ఖాళీ. అమ్మ మాట గుర్తొచ్చి నేను ఉపన్యాసం అందుకున్నాను. ఎంగిలి అంటే వట్టి లాలాజలం. అన్నంలోని పిండిని చక్కెరగా మార్చే రసం అందులో ఉంటుంది. వట్టి అన్నం మింగకుండా నములుతూ ఉంటే తియ్యబడుతుంది, కావాలంటే చూడండి అన్నాను. ఇద్దరూ ఒక్కో ముద్ద తీసుకుని ఆవుల్లా నమిలారు.

"హౌరే, మీఠా అయింది!" అన్నాడు సలీం.

"ఇంక బందు చెయ్ లైబ్రరీ. తిననియ్యి" అన్నాడు ప్రవీణ్.

అప్పుడే సలీం నా భుజం మీదుగా కొబ్బరి చెట్ల వైపు చూసి చెయ్యెత్తాడు. "ఆయియే చాచా, బిస్మిల్లా కరో!"

మా దగ్గర ఇది మామూలు మర్యాద. తింటున్నప్పుడు ఎవరైనా కనిపిస్తే రమ్మని పిలవాలి. అవతలివాడు చెయ్యి గుండె మీద పెట్టుకుని, మీరు కానియ్యండి అనాలి. పిలిచేవాడూ మాటవరసకే పిలుస్తాడు, అవతలివాడూ మాటవరసకే వద్దంటాడు. నిజంగా వచ్చి కూర్చునేవాడు ఉండడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"ఎవర్రా?"

"ఎవడో ముసలాయన. లుంగీ కట్టుకున్నడు. సముద్రం దిక్కు పోతుండె."

"ఏమన్నడు?"

"ఏమనలే." సలీం ముద్ద కలుపుకుంటూ భుజాలెగరేశాడు. "వద్దనలే."

తిని లేవబోతుంటే ప్రవీణ్ పళ్ళెం చూసి, "ఎవడ్రా రెండు దిక్కుల తిన్నది?" అన్నాడు. నా కుడి పక్క, ఖాళీగా ఉన్న వైపు, నాలుగో గుంట ఉంది. అన్నం వేళ్ళతో తోడినట్టుగా, పులుసు కారి అడుగు దాకా తడిసి ఉంది. తిండిపోతువి నువ్వంటే నువ్వని నవ్వుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం నవ్వలేదు. నాలుగో గుంట మళ్ళీ పడింది. దాని అంచు మీద ఒక ముద్ద ఉంది. నమిలి, మింగకుండా నాలుకతో బయటికి తోసేసిన ముద్ద. అన్నం, చేప, ముల్లు, అన్నీ కలిసి బూడిద రంగులో పేస్టులా ఉంది. పంటి గాటు ఒక్కటి లేదు. వట్టి చిగుళ్ళతో నలిపినట్టు నున్నగా ఉంది. దాని చుట్టూ జిగురు తీగలు సాగుతున్నాయి.

ప్రవీణ్ లేచి నిలబడ్డాడు. "మజాక్‌కి గూడ ఒక హద్దు ఉంటది సలీం."

"నేనా? అమ్మ తోడు నేను గాదు. లైబ్రరీ చేసిండొచ్చు, వానికి ప్రయోగాలు కావాలె."

ముగ్గురం ఒకరి నోట్లోకి ఒకరం చూసుకున్నాం. సిగ్గు లేకుండా, పశువుల సంతలో పళ్ళు చూసినట్టు. పళ్ళెం మెట్టు మీద వదిలేసి పోయాం. తర్వాత నేనొక్కణ్ణే వచ్చి చూస్తే చీమలు పట్టి ఉన్నాయి. మా మూడు వైపులా ఒక్క చీమ లేదు. నాలుగో వైపు మాత్రం నల్లగా ముసిరాయి. చూసినంతవరకు రాస్తున్నాను. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

ఆ మర్నాడు పరీక్ష పెట్టాను. ఎవడో ఒకడు చేస్తున్నాడు, పట్టుకోవాలి. పళ్ళేన్ని గుడిసె మూలకు జరిపి, నాలుగో వైపు మా బ్యాగులు మూడూ పేర్చాను. ఒక చేత్తో తినాలి, రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోవాలి, ఎవడూ పళ్ళెం మీది నుంచి చూపు తిప్పొద్దు అన్నాను. అలాగే తిన్నాం. ఏమీ జరగలేదు. మూడు గుంటలే. నాకు గెలిచినట్టే అనిపించింది.

మాషీ బయటి నుంచి, చాయ్ కావాలా అని కేకేసింది. ముగ్గురం తలుపు వైపు చూశాం. వద్దని చెప్పి తల తిప్పుకున్నాం. అంతే వ్యవధి.

బ్యాగుల వైపు గుంట ఉంది. ముద్ద ఉంది.

నేను దాన్ని వేలితో ముట్టుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా, ముట్టుకోకుండా ఎలా తెలుస్తుంది అనుకున్నాను. అన్నం పొద్దున వండింది, చల్లారి గడ్డకట్టి ఉంది. ముద్ద మాత్రం వెచ్చగా ఉంది. ఒక నోరు ఎంత వెచ్చగా ఉంటుందో అంత.

అరుగు అంచు దాకా పాకి కక్కుకున్నాను. వెనక ప్రవీణ్ అరుపులు వినిపిస్తున్నాయి. "నీ థాల్ తోనే వచ్చింది ఈ లొల్లి! ఎవన్ని పిలిచినవ్‌రా నువ్వు?"

సలీం పళ్ళెం తీసుకుని సముద్రం దగ్గరికి పోయి ఇసుకతో తోమాడు. చాలాసేపు తోమాడు, వేళ్ళ చివర్లు చెక్కుకుపోయాయి. మిగిలిన రోజులు బిస్కెట్లు తిన్నాం, ఎవడి పొట్లం వాడిదే. ఓడలో కూడా ఒకరికొకరం వీపు పెట్టుకుని తిన్నాం.

ఊరికొచ్చాక ఏ రోజూ ఏదీ కనిపించలేదు. కానీ ఎవరి ముందు కంచం చూసినా నాకు ఆ వెచ్చదనం వేలికి తగిలేది. సలీం మండికి పిలిస్తే కడుపు బాగాలేదన్నాను. ఇంకోసారి ఉపవాసం అన్నాను. ప్రవీణ్ ఫోనే ఎత్తలేదు. అమ్మకు మాత్రం సంతోషం. "ఇప్పటికన్న బుద్ధొచ్చింది, తురకోళ్ళ ఎంగిలి మానిండు" అని మా అత్తతో చెబుతుంటే విన్నాను. ఆ ముద్దను చూసినప్పుడు ఎంత అసహ్యం వేసిందో, నా మీద నాకు అంత వేసింది. కాదమ్మా అని చెప్పాలనుకున్నాను. ఏం చెప్పాలి?

ఒకరోజు సలీం దుకాణానికే వచ్చాడు. నేను గిరాకీకి జరీ లేసు కొలుస్తున్నాను. వాడు కౌంటర్ మీద మోచేతులాన్చి నెమ్మదిగా అడిగాడు. "సచ్ బోల్ లైబ్రరీ. గా ముసలోన్ని తల్సుకుంటే ఛీ అనిపిస్తున్నదా, నన్ను చూస్తే అనిపిస్తున్నదా?"

నేను జవాబు చెప్పేలోపే వాడు తన షాదీ కార్డు పెట్టి అన్నాడు, "వలీమా దావత్ నాడు నా థాల్ కాడ నువ్వు, ప్రవీణ్. ఇంకెవరు గాదు. మీరు రాకుంటే సమజ్ చేసుకుంట."

పోయాం. హాల్లో కింద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, ఒక్కో పళ్ళెం చుట్టూ నలుగురిని కూర్చోబెడుతున్నారు. అది వాళ్ళింటి థాల్ కాదు, వంటవాళ్ళు తెచ్చిన స్టీలుది. షేర్వానీలో సలీం, ఎదురుగా నేను, ఎడమ పక్క ప్రవీణ్. నా కుడి పక్క ఖాళీ. చుట్టూ పోతున్న చుట్టాలను సలీం ఒక్కరిని కూడా పిలవలేదు. వాళ్ళ చిన్నాయన చూసి కోప్పడ్డాడు. "దూల్హే మియా, జబాన్ పడిపోయిందా? బిస్మిల్లా అనరాదు?" అని ఎవరో కుర్రాణ్ణి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టబోయాడు.

"నక్కో చిచ్చా" అన్నాడు సలీం. "చార్ హో గయే. నలుగురం అయినం."

ఆయన మా ముగ్గురినీ చూసి, పెళ్ళికొడుకు మతి అంతే అనుకుంటూ వెళ్ళిపోయాడు.

తిన్నాం. మధ్యలో ప్రవీణ్ ఏదో జోకు వేశాడు, సలీం నవ్వాడు, మంచి మాంసం ముక్క విరిచి నా వైపు తోశాడు. చాలా రోజుల తర్వాత అన్నం రుచి తెలిసింది. నెయ్యి, ఉప్పు, మిరియాల ఘాటు. తీపి లేదు, కిస్మిస్ లేదు. ఇది గట్టిగా చెబుతున్నాను.

తల దించి చూసేసరికి నా కుడి పక్క గుంట పడి ఉంది. అంచున అన్నం తడితడిగా జారుతోంది.

ప్రవీణ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నా గొంతులోకి నీళ్ళూరి వచ్చాయి. లేచి బయటికి పరిగెత్తాలి. సలీం పళ్ళెం చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. నేను లేస్తే వాడు అడిగిన మాటకు జవాబు అదే అవుతుంది.

నేను కుడి పక్కకు చెయ్యి పెట్టాను. ఆ తడిసిన అన్నం ముద్ద చేసి నోట్లో పెట్టుకుని మింగాను. ఇంకో ముద్ద తీసుకున్నాను. సలీం కూడా అటే చెయ్యి చాపాడు. "యేసయ్యా" అనుకుంటూ ప్రవీణ్ కూడా. గుంటలు కనిపించకుండా, గుట్ట మిగలకుండా, ఒక్క మెతుకు లేకుండా పళ్ళేన్ని వేళ్ళతో తుడిచి తిన్నాం. చిన్నాయన దూరం నుంచి చూసి మెచ్చుకున్నాడు.

సలీం మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. ఇప్పుడు నెలకోసారి బార్కస్‌లో కలుస్తాం. ఆ తర్వాత నాలుగో గుంట పడలేదు. ఎందుకు పడిందో, ఎందుకు ఆగిందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు, వెతకడం మాత్రం ఆపలేదు.

ఒక్క సంగతి వాళ్ళిద్దరికీ చెప్పలేదు. వాళ్ళూ నాకు చెప్పలేదు, కానీ తిన్నారు కాబట్టి తెలిసే ఉంటుంది. ఆ వైపు అన్నం తియ్యగా ఉంది. చాలాసేపు నమిలిన అన్నం ఎంత తియ్యగా ఉంటుందో అంత. అన్నం ఎందుకు తియ్యబడుతుందో నాకు తెలుసు, నేనే వాళ్ళకు చెప్పాను. నమిలింది ఎవరో నాకు తెలియదు.