మెహరున్నీసా టీచర్ గారి పదకొండు దారాలు

మొన్న ఏలూరులో, తివాచీలు ఉతికి ఆరవేసిన ఒక ఇంటి ముందు నుంచి నడుస్తుంటే తడి ఉన్ని వాసన తగిలింది. వానలో తడిసిన గొర్రెల వాసన, దానికి తోడు కొంచెం సబ్బు వాసన. మందుల షాపు పని మీద వచ్చినవాణ్ణి అక్కడే నిలబడిపోయాను. పదేళ్ల కిందట ఇదే ఊళ్లో, ప్రతి ఆదివారం ఇదే వాసన నిండిన గదిలో పియానో నేర్చుకున్నాను. నేర్పినావిడ మెహరున్నీసా టీచర్ గారు. తివాచీలు నేసే ఇంట్లో పుట్టి, కాన్వెంటులో సంగీతం నేర్చుకుని, పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిణ్ణి చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాస్తే నా మనసు తేలికపడుతుందన్న ఆశ మాత్రం లేదు.

నేను ఇంటర్ దాటలేదు. తాడేపల్లిగూడెంలోని గ్రంథాలయమే నా కాలేజీ. పియానో స్వరాలు రాసే పద్ధతి మీద అక్కడున్న ఒకే ఒక్క పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తెచ్చుకుని, బొమ్మలతో సహా నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. అప్పటికి పియానోని ముట్టుకున్న పాపాన పోలేదు. మొదటి ఆదివారం టీచర్ గారు ఒక నొటేషన్ కాగితం ముందు పెడితే, ఒక్కో గుర్తు పేరూ అది ఎంతసేపు పలకాలో కూడా గడగడా అప్పజెప్పాను.

"చాలా బాగుందండీ. ఇప్పుడు వాయించండి," అన్నారు.

నా చేతులు మీటల మీద గాలిలోనే ఆగిపోయాయి.

"ఏవండీ, పుస్తకమంతా చదివారు కానీ వేళ్లకి చెప్పడం మర్చిపోయినట్టున్నారే," అని నవ్వి, లోపలి నుంచి ఒక చెక్క చట్రం తెచ్చి బల్ల మీద పరిచారు. తివాచీ మగ్గానికి పడుగు కట్టినట్టు దానికి పదకొండు దారాలు బిగించి ఉన్నాయి. పైన అయిదు తెల్లవి కుడిచేతికి, కింద అయిదు తెల్లవి ఎడమచేతికి. మధ్యలో ఒంటరిగా ఎర్రది, పియానో నడిమి స్వరానికి. నొటేషన్ కాగితం మీది ఒక్కో గీతకి ఒక్కో దారం అన్నమాట. గీత మీద ఉండే స్వరమైతే ఉన్నిపోగుని ఒక్క దారానికి ముడి వేయాలి. గీతల మధ్య ఉండేదైతే రెండు దారాలను కలిపి వేయాలి. ఎక్కువసేపు పలికే స్వరానికి పోగు పొడుగ్గా వదలాలి, చప్పున ముగిసేదానికి కత్తిరించాలి. అలా ఒక పాట ముడులతో కట్టాక, కళ్లు మూసుకుని ఒక చేత్తో ముడులు తడుముతూ రెండో చేత్తో మీట వెతుక్కోవాలి.

"మా నాన్నగారికి ఓనమాలు రావండీ. గళ్ల కాగితం మీద పువ్వు గీసిస్తే అచ్చంగా తివాచీలోకి దింపేసేవారు. చదవడమంటే అదికాక మరేమిటి?"

మీసాలొచ్చినవాణ్ణి, పిల్లల మధ్య కూర్చుని ఉన్ని ముడులు వేయడం నాకు నామోషీగా ఉండేది. కానీ మూడు నెలలు తిరిగేసరికి కొత్త కాగితం చూస్తే వేళ్లు వాటంతట అవే కదిలేవి. గ్రంథాలయంలో ఎవరైనా అడిగితే మాత్రం పుస్తకం చూసే నేర్చుకున్నానని చెప్పేవాణ్ణి.

ఆ మరుసటి ఏడాది ఏసుపాదం గారు తన కూతురు కరుణని బండి మీద తీసుకొచ్చారు. కొల్లేటి లంకలో చేపలు పట్టే కుటుంబం. వాళ్ల ఊరి చర్చికి ఎవరో కీబోర్డు ఇచ్చారు. వాయించేవాళ్లు లేక అది గుడ్డ కప్పుకుని పడి ఉంది. కరుణ ఏడో తరగతి. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయని చెప్పింది. బడిలో దాన్ని వెనక బెంచీకి వదిలేశారు. టీచర్ గారు ఏమీ అడగకుండా చట్రం ముందు కూర్చోబెట్టారు. వలలు బాగుచేసిన చేతులు కదా, ముడులు పరిగెత్తాయి. ఆ సాయంత్రమే, చిన్నపిల్లలకు చూపించడానికి నేను వేసిన ముడి ఒకటి లాగి చూసి, "మాస్టారండీ, ఇలా కడితే చేపలన్నీ మిమ్మల్ని చూసి నవ్వుకుంటా పోతాయండి," అంది. అందరం నవ్వాం. నెలలోపు ముడులు ఒక్కసారి తడిమి గుర్తుపెట్టుకుని, కళ్లు మూసుకుని రెండు చేతులా వాయించింది. వచ్చే క్రిస్మస్‌కి చర్చిలో వాయిస్తానని తండ్రికి మాట కూడా ఇచ్చేసింది.

అంతలో టీచర్ గారికి ఆయాసం ఎక్కువైంది. వైద్యానికి విజయవాడలో కూతురి దగ్గరికి వెళ్తూ క్లాసు నాకు అప్పగించారు. "కరుణకి కాగితం మీరివ్వకండి. తనే అడిగిన రోజు ఇద్దాం. ముందిస్తే చెడుతుందండీ," అన్నారు. తలూపాను.

పిల్లలకు పియానో గ్రేడు పరీక్ష దగ్గర్లో ఉంది. పరీక్షలో దారాలుండవు, అచ్చు కాగితాలే ఉంటాయి. నేను చదివిన పుస్తకం కూడా స్వరాలు కంటితోనే చదవాలంది. రెండో వారమే చట్రాన్ని అటక మీదికి ఎక్కించి అందరికీ కాగితాలు పంచాను. మిగతా పిల్లలు తడబడుతూనే సర్దుకున్నారు. కరుణ కాగితాన్ని వేలితో తడుముతూ కూర్చుంది, ముడులు దొరుకుతాయేమోనన్నట్టు.

"దారాలు ఒక్కసారి ఇయ్యండి మాస్టారండీ. వాయించి చూపిస్తాను."

"ఎంతకాలం దారాలు పట్టుకుని వేలాడతావు? కాగితం చూసి చదవలేనివాళ్లకి ఈ చదువు రాదమ్మా. నీకూ రాదు," అన్నాను, అందరి ముందూ.

అది ఏడవలేదు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా బల్ల మీద పెట్టి, గోడ వారగా కూర్చుని తండ్రి వచ్చేదాకా ఎదురుచూసింది. తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

టీచర్ గారు తిరిగొచ్చి సంగతి విన్నారు. నన్ను తిట్టలేదు. "పదండి, వాళ్ల ఊరు వెళ్దాం," అన్నారు. బస్సు దిగి, ఆటో ఎక్కి, చేపల చెరువు గట్ల మీద అడుగుకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ నడిచారు. కరుణ గదిలోంచి బయటికి రాలేదు. టీచర్ గారు తలుపు దగ్గర నేల మీద కూర్చుని చాలాసేపు మెల్లగా పిలిచారు. చివరికి ఏసుపాదం గారే చేతులు కట్టుకుని అన్నారు:

"రానంటందండి. దానికి చదువు రాదని మాస్టారు గారే చెప్పారంటండి. అన్ని పుస్తకాలు చదివినాయన, ఆయనకెందుకండీ అబద్ధం?"

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నేను తప్పు చెప్పానని అక్కడే అన్నాను. ఆయన మర్యాదగా తలూపారు. నేను పెద్దమనసుతో అలా అంటున్నానని ఆయన అనుకున్నట్టు ముఖంలోనే తెలిసింది.

తిరుగు బస్సులో గుండుగొలను దాటాక టీచర్ గారు నా వైపు తిరిగారు. "మీకు నేను వేళ్లతో చదవడం నేర్పాను గానీ, చదవలేని మనిషి పక్కన ఎలా కూర్చోవాలో నేర్పలేదండీ. అది నా తప్పే," అన్నారు. వేసవి రాకముందే ఆవిడ పోయారు. క్లాసు నేను నడపలేకపోయాను. మీటల మీద చెయ్యి పెడితే కాగితాన్ని తడిమే ఆ వేలు కనిపించేది.

ఆ తర్వాత రెండుసార్లు లంకకి వెళ్లాను. కొన్నేళ్లకి రెండోసారి వెళ్లేసరికి కరుణ రొయ్యల షెడ్డులో పని చేస్తోంది. నన్ను చూడగానే లేచి, చేతులు కడుక్కుని వచ్చి నమస్కారం పెట్టింది.

"కరుణా, ఆ రోజు నేను అన్నది తప్పమ్మా. నీకు సంగీతం వచ్చు. మా అందరికన్నా నీకే బాగా వచ్చు."

"అయ్యో, అలా అనకండి మాస్టారండీ. మీరేం తప్పు చెప్పలేదు. నాకు రాదండీ," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

టీచర్ గారు నేర్పింది నా వేళ్లలో ఇంకా ఉంది, పనికిరాకుండా. నేను నేర్పింది కరుణలో ఉంది. దాన్ని తను ఇప్పటికీ నమ్ముతూనే ఉంది.