పావు కనిపించే కొండ

సూరత్ స్టేషన్‌లో ఉదయం ఆరింటికి రైలెక్కాం, నేనూ మా రాజన్న బావా. రిజర్వేషన్ లేనిదే ఎక్కనివ్వని కరోనా రోజులు. పావగఢ్ కొండ చూడాలన్నది సాకు. అసలు పని మా అక్క అప్పజెప్పింది: "మాట మర్చిపోతున్నడు తమ్మీ, జర తిప్పుకరా."

బావ సూరత్‌లోని లింబాయత్‌లో ముప్పై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాడు. ఆ చప్పుడుకు చెవులు ఏనాడో పోయాయి. మగ్గాలోళ్లు చాలామందిలాగే పెదవులు చూసి మాట పట్టేస్తాడు. మూతులకు మాస్కులొచ్చాక పట్టుకోవడానికేమీ మిగల్లేదు. చెవుడని చెప్పుకోవడానికి నామోషీ. ఛాయ్ బండి దగ్గరికి పోవడమే మానేశాడు.

ఎనిమిదికి వడోదర. అక్కడ బస్సెక్కితే గంటన్నరలో కొండ కింద దిగుతాం. బస్సులో ముందు సీట్లోని గుజరాతీ పెద్దావిడ వెనక్కి తిరిగి, మాస్కులోంచే బావకు హిందీలో కొండ పేరు కథ మొదలుపెట్టింది. బావ ప్రతిదానికీ తలూపాడు. "మీదే ఊరు?" అన్నా తలూపాడు. ఆవిడ నావైపు జాలిగా చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను, పిరికివాణ్ణి.

కొండ నడుమనున్న మాచీ దాకా జీపు, అక్కణ్ణుంచి రోప్‌వే, ఆపైన మెట్లు. సూరత్ ఉధ్నాలో టిఫిన్ సెంటర్ నడిపే నా పొట్ట ఆ మెట్లెక్కడం మీరు చూడకపోవడమే మంచిది. నీళ్లు మాత్రం రెండు సీసాలు పెట్టుకోండి. రాళ్లు ఎరుపూ పసుపూ, ఒకప్పటి అగ్నిపర్వతమట. చుట్టూ మైదానం పరుచుకుని ఉంటుంది.

జనం లేని అంచున ఆగి, దూరం జరిగి, మాస్కు దించాను. మగ్గాలోళ్లలా గొంతు లేకుండా, పెదవులతోనే ఆవిడ కథ చెప్పబోయాను.

"నోట్లె ఇడ్లీ ఉన్నదా బామ్మర్ది? మళ్ల చెప్పు."

మళ్లీ చెప్పాను. ఈ కొండ పావు వంతే పైకి కనిపిస్తుందట. ముప్పావు నేలలోపలే ఉందట. అందుకే పావగఢ్.

బావ కాసేపు కిందికి చూశాడు. "అంటే గిది గూడ మాస్కు పెట్టుకున్నట్టేనా?" అని నవ్వాడు, ఎన్నాళ్లకో.

మూడింటికి తిరుగు బస్సు. కిటికీ అవతల అదే పెద్దావిడ, వేరే బస్సు కోసం నిలబడి ఉంది. బావ తనే పిలిచాడు, హిందీలో, మగ్గాల మధ్య అరిచినంత గట్టిగా: "మాజీ, నాకు చెవులు వినబడవు. జర దూరం నిలబడి, మాస్కు దించి పొద్దుటి కథ మళ్లీ చెప్పండి!"

బస్సంతా తిరిగి చూసింది. ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసి, మాస్కు దించి, నిదానంగా పెదవులు కదిపింది. పళ్లు రెండే. బావ రెప్ప వేయలేదు.

"ఏమన్నది బావా?"

"పేరుకు ఇంకో కథ ఉన్నదట. పవనమంటే గాలి గద. గాలికోట అంటరట."

ఇంకా చాలా చెప్పిందట. రైల్లో సూరత్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు. మాస్కు వెనక నుంచి, ఆ రైలు మోతలో, సగం నాకు అందలేదు.

ప్రతిదానికీ తలూపాను.